గాజు గిన్నెలో త్లాతెలోల్కో సంత

కొత్త రోలు ఇంటికొస్తే వెంటనే పచ్చడి నూరకూడదు. గుప్పెడు బియ్యం పోసి, నూరి పారబోయాలి. మళ్లీ పోసి నూరాలి. పిండిలో రాతిపొడి రావడం మానేదాకా ఈ పని తప్పదు. మా అమ్మ దగ్గర నేర్చుకున్న ఈ పద్ధతి, మొన్న ఫిబ్రవరిలో డాలస్ పక్కన మా అక్క కూతురింట్లో మళ్లీ పనికొచ్చింది. వంటింట్లో నేల మీద పాత దుప్పటి పరుచుకుని కూర్చున్నాను. ముందున్న రోలు మాత్రం మనది కాదు. నల్లటి అగ్నిపర్వత శిలను తొలిచి, కింద మూడు పొట్టి కాళ్లు మలిచిన మెక్సికో రోలు. అక్కడివాళ్లు మోల్కహేతె అంటారు. పచ్చడిబండ పేరు తెహొలోతె. అది కొన్న అంగట్లో కూర్చున్న మెక్సికన్ పెద్దావిడ డబ్బులు తీసుకుంటూ స్పానిష్‌లో ఏదో చెప్పి, చేత్తో గాల్లో నూరి చూపించింది. మా అమ్మాయి విని నాకు చెప్పింది: "బియ్యం పోసి నూరమంటోంది పిన్నీ. తెల్లగా వచ్చేదాకా."

మొదటి వాయి సిమెంటు రంగులో వచ్చింది. రెండోది బూడిద రంగు. నాలుగో వాయికి గానీ బియ్యప్పిండి బియ్యప్పిండిలా కనబడలేదు. భుజం లాగేసింది. అయినా, తెలుగునేల పేరైనా విని ఉండని ఒక పెద్దావిడ నోట మా అమ్మ మాటే రావడం ఆ రోజంతా మనసులో మెదులుతూనే ఉంది.

ఆ ఆదివారం సూపర్ బౌల్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏడాదికొక్కసారి వచ్చే ఆఖరి పోటీ. ఆట అర్థమైనా కాకపోయినా, ఆ సాయంత్రం టీవీ ముందు పదిమంది చేరడం అక్కడ ఆనవాయితీ. టెక్సాస్‌లో అలాంటి సందడి ఉంటే బల్ల మధ్యలో చాలాసార్లు ఒక గాజు గిన్నె కనిపిస్తుంది. గాజుదే ఎందుకంటే పక్కనుంచి పొరలు కనబడాలి. అడుగున మెదిపిన బీన్స్. దాని మీద అవకాడో ముద్ద, అంటే గ్వాకమోలె. ఆపైన పుల్లటి మీగడ, టమాటా సల్సా, తురిమిన చీజ్, ఉల్లికాడలు, నల్ల ఆలివ్ ముక్కలు. మొక్కజొన్న చిప్ ఒకటి తీసుకుని పైనుంచి అడుగుదాకా దించి, ఏడు పొరలూ ఒక్క ముక్క మీదికి ఎక్కించుకుని తినాలి. పేరు సెవెన్ లేయర్ డిప్.

వచ్చేవాళ్లలో ఇద్దరు వీగన్లు. పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టరు. మా అమ్మాయి ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడి అడిగింది: "మీగడా చీజూ తీసేస్తే ఇంక ఇందులో ఏం మిగులుతుంది పిన్నీ?"

మొదటి నుంచీ ఉన్నదే మిగులుతుంది అన్నాను. ఆ మాటకు కొంచెం వివరం కావాలి.

పేర్లు నమోదు కాని చేతులు

ఈ డిప్పును మొదట పేర్చిన మనిషి పేరు ఎక్కడా నమోదు కాలేదు. 1980ల తొలినాళ్లలో ‘ఫ్యామిలీ సర్కిల్’ అనే ఇల్లాళ్ల పత్రిక ‘టెక్స్‌మెక్స్ డిప్’ పేరుతో తయారీ విధానం అచ్చువేసింది. అక్కణ్నుంచి దేశమంతా పాకింది. బల్ల మధ్యలో ఒక గిన్నె పెట్టి చుట్టూ మూగి చిప్స్‌తో అద్దుకు తినే అలవాటు అంతకంటే ఒక తరం పాతది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి, ఇళ్లలోకి టీవీ వచ్చిన 1950లలో అది ఊపందుకుంది. పళ్లేలూ చెంచాలూ అక్కర్లేదు, తెరమీంచి చూపు తిప్పనక్కర్లేదు.

ఆ చిప్ వెనక ఒక పార్టీ కథే ఉంది. లాస్ ఏంజెలెస్‌లో రెబెకా వెబ్ కరాంజా, ఆమె భర్త ‘ఎల్ సరాపె’ అనే టోర్టియా కర్మాగారం నడిపేవారు. టోర్టియా అంటే మెక్సికన్ల మొక్కజొన్న రొట్టె. 1940ల చివర్లో వాళ్లు యంత్రం పెట్టారు. యంత్రంలోంచి వంకరగా వచ్చిన రొట్టెలను పక్కన పడేయాల్సి వచ్చేది. ఇంట్లో ఒక వేడుకకు ఆమె వాటిని ముక్కోణాలుగా కోసి నూనెలో వేయించింది. చుట్టాలకు అవి తెగ నచ్చాయి. సంచి పది సెంట్ల చొప్పున అమ్మడం మొదలుపెట్టింది. 1960లకల్లా రొట్టెలకంటే ముక్కలే ఎక్కువ అమ్ముడయ్యే వ్యాపారమైంది. వేయించిన టోర్టియా ముక్క అంతకుముందు లేదని కాదు. దాన్ని సంచిలో పోసి ఇంటింటికీ చేర్చినవారిలో ఆమె ముందువరసలో ఉంది. ఈ గిన్నె చరిత్రలో పేరు దక్కిన ఆడమనిషి దాదాపు ఆమె ఒక్కతే. అందుకే ఇక్కడ ఆగి రాస్తున్నాను.

పేరు దక్కనివాళ్లు చాలామంది. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో కూడళ్లలో పందొమ్మిదో శతాబ్దం చివరి దశకాల నుంచీ పొద్దు వాలగానే మెక్సికన్ స్త్రీలు బల్లలు వేసుకుని, లాంతర్లు వెలిగించుకుని, మిరపకాయలతో ఉడికిన మాంసం, బీన్స్, టోర్టియాలు అమ్మేవారు. ‘చిలీ క్వీన్స్’ అని ఊరు ముద్దుగా పిలిచింది. ఊరు చూడవచ్చినవాళ్లకు వాళ్ల బల్లలే ఆకర్షణ. చివరికి ఆరోగ్య శాఖ నిబంధనల పేరిట 1930ల చివర, 1940ల మొదట్లో ఆ బల్లలన్నీ ఎత్తేశారు. మన ఊళ్లలో రాత్రిపూట ఇడ్లీ బండ్లను ఎత్తించడం చూసినవాళ్లకు ఈ కథ విడమర్చి చెప్పనక్కర్లేదు.

టెక్సాస్‌లోని మెక్సికన్ వంటకు పేరైన టెక్స్‌మెక్స్ అనే మాటనే చిన్నచూపుగా వాడటం తరవాత వచ్చింది. మెక్సికో వంటల మీద గొప్ప పని చేసిన డయానా కెన్నెడీ 1972లో తన మొదటి పుస్తకం వేసినప్పుడు, సరిహద్దుకు దక్షిణాన ఉన్నది వేరు, ఉత్తరాన అమ్ముతున్నది వేరు అని గీత గీసింది. ఆమె ఓపికకు నమస్కారం. ఆ గీతతో మాత్రం నేను ఏకీభవించలేను. టెక్సాస్ 1836 దాకా మెక్సికోలో భాగం. 1845లో అమెరికాలో కలిసింది. అక్కడి మెక్సికన్ కుటుంబాలు ఎన్నో ఉన్నచోటే ఉన్నాయి, జెండాలు మారాయి. మారిన జెండా కింద దొరికిన సరుకుతో వాళ్లు వండుకున్నది నకిలీ ఎలా అవుతుంది?

అడుగు పొర

ఇప్పుడు గిన్నె అడుక్కి వెళ్దాం. బీన్స్ పొరను ‘ఫ్రిహోలెస్ రెఫ్రీతోస్’ అంటారు. ఇంగ్లిష్‌లో రెండుసార్లు వేయించినవి అన్న అర్థం వచ్చేలా మార్చేశారు. మెక్సికో స్పానిష్‌లో ఆ ‘రె’కి ‘బాగా, దట్టంగా’ అని అర్థం. ఉడికించి, మెదిపి, బాగా మగ్గబెట్టినవి అని చెప్పుకోవాలి. వాడే పింటో బీన్స్ మన రాజ్మా జాతే. వృక్షశాస్త్రంలో రెండింటికీ పేరొక్కటే.

ఇక్కడే శాకాహారులకు ఒక చిక్కు. పాత పద్ధతిలో బీన్స్ మగ్గేది పందికొవ్వులో. మా అమ్మాయి అమెరికా వెళ్లిన కొత్తలో డబ్బా బీన్స్ చక్కగా రొట్టెలోకి వాడుకుంటూ, నాలుగు నెలల తరవాత ఒకరోజు డబ్బా వెనక సన్నటి అక్షరాల్లో ‘లార్డ్’ అన్న మాట చూసింది. ఆ మాటకు పందికొవ్వు అని అర్థం తెలిసిన రోజు ఫోన్‌లో ఏడ్చింది. బీన్సంటే గింజలే కదా అనుకున్నాను పిన్నీ అంది. ఇప్పుడు గింజలు నానబోసి తనే ఉడికించుకుంటుంది.

కానీ ఆ పందికొవ్వు ఎప్పుడు వచ్చిందో చూడండి. 1519లో హెర్నాన్ కోర్టెస్ దండు తీరం చేరేదాకా మెక్సికోలో ఆవు లేదు, మేక లేదు, పెంపుడు పంది లేదు. పాలిచ్చే పెంపుడు జంతువే లేదు. మీగడ, చీజ్ అన్న మాటలకే తావు లేదు. కొవ్వులో వేయించడం కూడా వాళ్ల వంటలో దాదాపు లేదనే చెప్పాలి. ఉడకబెట్టడం, నిప్పుల మీద కాల్చడం, పెనం మీద వేపడం, నూరడం. వాళ్ల వంటిల్లంతా ఇదే. నూరడానికి సన్నికల్లు లాంటి మెతాతె, రోలు లాంటి మోల్కహేతె. మాంసం లేదని కాదు. టర్కీ కోడి, కుక్క, వేట, చేప ఉండేవి. అయితే రోజువారీ కంచంలో మొక్కజొన్న, బీన్స్, గుమ్మడి, మిరప, టమాటా, అవకాడో.

ఇవన్నీ ఒక్కచోట చూడాలంటే త్లాతెలోల్కో సంతకు వెళ్లాలి. ఇప్పటి మెక్సికో సిటీ నడిబొడ్డున, అప్పట్లో సరస్సు మధ్య ఉన్న ద్వీపంలో, ఆస్తెకుల రాజధాని తెనోచ్‌తిత్లాన్ పక్కనే ఉండేది ఆ సంత. రోజూ 60,000 మందికి పైగా వచ్చి కొంటారు, అమ్ముతారు అని కోర్టెస్ 1520లో తన రాజుకు రాశాడు. మరుసటి ఏడాదే ఆ నగరాన్ని నేలమట్టం చేశాడు.

ఆ సంతలో ఏముండేదో మనకు తెలియడానికి బెర్నార్డినో దె సహగున్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి, ఆయన దగ్గర చదువుకున్న నహువా యువకులు కారణం. పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగి, వాళ్ల నహువాత్ల్ భాషలోనే రాసి, పక్కన స్పానిష్ చేర్చి, బొమ్మలు గీసి, 12 భాగాల గ్రంథం తయారుచేశారు. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఉంది గనక దాన్ని ఫ్లోరెంటైన్ కోడెక్స్ అంటున్నారు. పదో భాగంలో సంతలో అమ్మేవాళ్ల వరస వస్తుంది. ప్రతి సరుకుకూ మంచి వర్తకుడు ఎలా ఉంటాడు, చెడ్డవాడు ఎలా మోసం చేస్తాడు అని రెండు వైపులా చెబుతారు. టమాటాలు అమ్మేవాళ్ల దగ్గర పెద్దవి, చిన్నవి, పచ్చవి, ఎర్రవి. చెడ్డవాళ్లు కమిలినవి అంటగడతారు. ఆ పక్కనే నూరిన పచ్చళ్లు అమ్మేవాళ్లు. మిరపతో, టమాటాతో, గుమ్మడి గింజలతో. ఆ భాషలో నూరిన పచ్చడిని ‘మొల్లి’ అంటారు. అవకాడోను ‘అహువకత్ల్’ అంటారు. రెండూ కలిపితే అహువకమొల్లి. స్పానిష్ నోట పడి గ్వాకమోలె అయింది.

‘తొమత్ల్’, ‘చిల్లి’ కూడా ఆ భాష మాటలే. మనం ఇంగ్లిష్ అనుకుంటూ రోజుకు పదిసార్లు అనే టమాటో, చిల్లీ మెక్సికో ఆదివాసుల నోటి మాటలు. గోదావరి వైపు ఇంకా రామములక్కాయ అనే పెద్దవాళ్లున్నారు. ఆ పేరులో ములక చెట్టుతో టమాటాకున్న చుట్టరికం పట్టేశారు మనవాళ్లు. రెండూ వంకాయ కుటుంబమే.

పోస్ట్‌మన్ పెరటి చెట్టు

రెండో పొర అవకాడోది. మనదగ్గర వెన్నపండు అంటున్నారు. హైదరాబాదుకు కూర్గు, నీలగిరుల నుంచి వచ్చే రకాలు నున్నటి పచ్చతోలువి. అమెరికాలో అమ్మేది గరుకు తోలుతో, పండితే నల్లబడే ‘హాస్’ రకం. ఇవాళ లోకమంతా అమ్ముడయ్యే అవకాడోలో చాలా భాగం అదే. వాటన్నిటికీ తల్లి ఒక్క చెట్టు. కాలిఫోర్నియాలోని లా హాబ్రా హైట్స్‌లో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మన్ 1920లలో గింజ నాటి మొలిపించిన చెట్టు. దానికి వేరే మేలురకం అంటు కట్టించాలని చూశాడు, అంటు పట్టలేదు. నరికేద్దామనుకున్నవాడు మానుకున్నాడు. కాసిన కాయ చూడ్డానికి నల్లగా, గరుకుగా ఉన్నా ఇంట్లో పిల్లలు అదే కావాలన్నారు. 1935లో పేటెంటు తీసుకున్నాడు. అంట్లు కొనుక్కున్నవాళ్లు తామే మరిన్ని కట్టుకోవడంతో ఆయనకు వచ్చింది కొద్ది వేల డాలర్లే. 1952లో పోయేదాకా ఉత్తరాలు పంచే ఉద్యోగం వదల్లేదు. ఆ తల్లిచెట్టు వేరుకుళ్లు తెగులుతో 2002లో చచ్చిపోయింది.

మెక్సికోలో పుట్టిన పండును మెక్సికో నుంచి అమెరికాకు రానివ్వని కాలం కూడా ఉంది. గింజపురుగు వస్తుందన్న కారణంతో 1914లో అమెరికా దిగుమతి ఆపేసింది. 1997లో కొన్ని రాష్ట్రాలకు, 2007కల్లా అన్ని రాష్ట్రాలకూ తలుపు తెరిచింది. సూపర్ బౌల్ నాడు గ్వాకమోలె ఇంతలా పొంగడానికి ఆ తలుపు తెరుచుకోవడం, 1990ల నుంచి తోటల సంఘాలు చేసిన ప్రచారం రెండూ కారణాలు. మెక్సికోలోని మిచోఆకాన్ రాష్ట్రంలో ఆ గిరాకీ కోసం పైన్ అడవులు నరికి తోటలు వేశారు, నీళ్ల కోసం తగువులు పెరిగాయి, తోటల మీద ముఠాల వసూళ్లు మొదలయ్యాయి. నాలుగు కాయలు కోస్తున్నప్పుడు ఇది నాకు గుర్తొచ్చింది. ఒక్క ముక్క కూడా వృథా పోనివ్వలేదు.

పలాస నుంచి, గూడూరు నుంచి

పుల్లమీగడ స్థానంలో ఏం వేయాలి? మా అమ్మాయి డబ్బాలో జీడిపప్పు ఉంది, పలాస నుంచి వాళ్ల అత్తగారు పంపినది. జీడిమామిడి కూడా అమెరికా ఖండపు చెట్టే. బ్రెజిల్ తీరం నుంచి పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో మన పడమటి తీరానికి తెచ్చారు. మిరప వచ్చిందీ ఆ ఓడల్లోనే. మనవాళ్లు పెట్టిన పేరు చూడండి. గింజ తొక్కలో ఒళ్లు పొక్కించే నూనె ఉంది, అచ్చం నల్లజీడిలా. చెట్టు, ఆకు, పూత మామిడిని గుర్తుచేస్తాయి. అందుకే జీడిమామిడి అన్నారేమో అనిపిస్తుంది. నల్లజీడి, మామిడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబమని వృక్షశాస్త్రం కూడా చెబుతోంది.

ఎదురు దారిలో మన వైపు నుంచి వెళ్లింది నిమ్మకాయ. ఆసియాలో పుట్టి, అరబ్బుల చేతుల మీదుగా స్పెయిన్ చేరి, స్పానిష్ ఓడల్లో మెక్సికోకు వెళ్లింది. మెక్సికన్లు దేనిమీదైనా పిండుకునే ఆ చిన్న పల్చటి తోలు ‘లిమోన్’, గూడూరు మార్కెట్‌లో బస్తాల్లోకి ఎత్తే మన నిమ్మ, రెండూ ఒకే జాతి. కొత్తిమీర, జీలకర్ర, ఉల్లి, వెల్లుల్లి కూడా స్పానిష్‌వాళ్ల వెంటే ఆ గడ్డ మీదికి దిగాయి. అంటే ఈ గిన్నెలో త్లాతెలోల్కో సంత ఒక్కటే లేదు. ఓడలు కూడా ఉన్నాయి.

పేర్చిన తీరు

పన్నెండుమందికి చేశాం. ఒకటిన్నర కప్పుల పింటో బీన్స్ రాత్రి నానబోసి, పొద్దున కుక్కర్లో మెత్తగా ఉడికించాను. చెంచాన్నర నూనెలో జీలకర్ర, వెల్లుల్లి, తరిగిన ఉల్లిపాయ వేగాక బీన్స్ వేసి, ఉడికిన నీళ్లే కొంచెం పోస్తూ పప్పుగుత్తితో మెదిపాను. గరిటెతో ఎత్తితే జారకూడదు, చిప్ గుచ్చితే విరక్కూడదు. ఆ పాకం కుదరాలి. పూర్తిగా చల్లారాకే గిన్నెలో పరవాలి. వేడి మీద పరిస్తే పైనున్న అవకాడో చేదెక్కుతుంది.

ఒక కప్పు జీడిపప్పు నాలుగు గంటలు నానబెట్టి, అరకప్పు నీళ్లు, ఒక నిమ్మకాయ రసం, ఉప్పు వేసి మిక్సీలో వెన్నలా తిప్పాం. టమాటాలు గింజలు తీసి సన్నగా తరిగి, ఉప్పు చల్లి, చిల్లుల గిన్నెలో పావుగంట వదిలేశాం. ఈ పని చేయకపోతే గంటలో డిప్పు కాస్తా చారవుతుంది. దిగిన నీళ్లు నేను తాగేశాను. చాలా బాగుంది.

గ్వాకమోలె మాత్రం రోట్లోనే. ముందు పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ, కొత్తిమీర కాడలు, కల్లుప్పు వేసి నూరాను. కాడల రసం రాతి గరుకులోకి దిగి పచ్చగా మెరిసింది. తరవాతే నాలుగు అవకాడోల గుజ్జు వేసి, నూరకుండా బండతో అక్కడక్కడా అదిమి వదిలేశాను. పలుకులుండాలి. నిమ్మరసం రుచికే కాదు. అవకాడో కోయగానే దానిలోని ఒక ఎంజైము గాలితో కలిసి నల్లబరుస్తుంది. పులుపు ఆ ఎంజైమును నెమ్మదింపజేస్తుంది. గింజ గిన్నెలో ఉంచితే నల్లబడదని చాలామంది నమ్ముతారు. గింజ కింద ఉన్నంత మేరకే అది నిజం, ఎందుకంటే అక్కడికి గాలి తగలదు. ఈ డిప్పులో ఆ పని జీడిపప్పు పొర చేస్తుంది. అంచుదాకా ఖాళీ లేకుండా పరిస్తే గాలి లోపలికి దూరదు.

దానిమీద టమాటా. ఆపైన నిప్పుల మీద కాల్చి ఒలిచిన మొక్కజొన్న గింజలు. ఉల్లికాడలు, కొత్తిమీర. చీజ్ ఉండాల్సిన చోట గుమ్మడి గింజలు వేపి, కారం, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా దంచి చల్లాం. లెక్క పెడితే ఏడు.

ఆట రెండో భాగం మొదలయ్యేసరికి గిన్నెలో సొరంగాలు పడ్డాయి. వీగన్ స్నేహితుల్లో ఒకామె గుమ్మడి గింజల పొడి ఎక్కడ కొన్నారని అడిగింది. మా అమ్మాయి రోలు చూపించింది. రాత్రి పొద్దుపోయాక ఆ రోలును సబ్బు తగలనివ్వకుండా వేడినీళ్లతో, కొబ్బరిపీచుతో తోమాను. రాతికి సబ్బు వాసన పడితే వదలదు. గాజు గిన్నె అడుగున రెండు గుప్పెళ్ల బీన్స్ మిగిలింది. మర్నాడు పొద్దున దోసెలోకి నంజుకున్నాం.